రూపాయి అంచున గాడి

మా అమ్మ ముఖం నాకు తెలియదు. ఫోటో లేదు. నాకు ఏడాది నిండకముందే పోయిందట. ఎలా ఉండేదని అడిగితే మా జేజి, అంటే నాయన తల్లి, "ఎట్లుంటాది, మనిషి మాదిరే ఉండె" అని తన పని తాను చూసుకునేది. కానీ అమ్మ ఎక్కడ ఉందో మాత్రం నాకు తెలుసు. చిన్నమ్మ మెడలో ఉండేది.

మా వైపు కొన్ని ఇళ్ళలో ఒక ఆచారం ఉండేది. మొదటి భార్య చనిపోయాక మగవాడు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే, కొత్తగా వచ్చిన ఆమె తన తాళితో పాటు, పోయిన ఆమె గుర్తుగా ఒక బిళ్ళ మెడలో కట్టుకోవాలి. కలిగినవాళ్ళు దాన్ని బంగారంతో చేయించేవాళ్ళు. మావి పుంగనూరు దాటి సోమల దారిలో గొర్రెలను, మెట్టపొలాన్ని నమ్ముకున్న ఇళ్ళు. మా అమ్మకు పెళ్ళిలో పుట్టింటివాళ్ళు ఇచ్చిన వెండి రూపాయి ఒకటి ఉంటే, దానికే కొక్కెం అతికించి చిన్నమ్మ మెడలో నల్లదారంతో కట్టారు. రాణి బొమ్మ ఉన్న రూపాయి అని జేజి చెప్పేది. ఆ రాణే మా అమ్మ అని చాలాకాలం అనుకున్నాను. చూద్దామంటే బొమ్మ కనిపించేది కాదు. రోజూ పసుపు, కుంకుమ పెట్టీ పెట్టీ దాని మీద గట్టిగా పెచ్చు కట్టింది.

అంచు మాత్రం బయటికి తేలి ఉండేది. అంచులో ఒక చోట చిన్న గాడి. మంచి వెండి అవునా కాదా అని చూడడానికి ఎప్పుడో ఎవరో ఉలితో కొట్టిన దెబ్బ అది. ఎన్నో చేతులు మారి నున్నగా అరిగింది. నా చూపుడువేలి గోరు అందులో సరిగ్గా ఇమిడేది. మధ్యాహ్నం సంగటి తిన్నాక చిన్నమ్మ ఒళ్ళో తలపెట్టుకొని, గోరు ఆ గాడిలో ఉంచి అటూ ఇటూ ఆడిస్తూ పడుకోవడం నా అలవాటు. ఆమె దగ్గర పసుపు, ఆముదం, పొయ్యి పొగ కలిసిన వాసన వచ్చేది. అమ్మ వాసన అదేనని నా నమ్మకం.

చిన్నమ్మ ఆ రూపాయిని అక్క అని పిలిచేది. మొదటి ముద్దను దానికి తాకించి గాని తినేది కాదు. కొత్త చీర వస్తే ముందు దాని మీద కప్పి, తర్వాత తాను కట్టుకునేది. పూలు కొన్నా అంతే. "అక్కా, ఈ పొద్దు పులగూరలో ఉప్పెక్కువయింది, ఏమనుకోవద్దు" అని ఆమె చెబుతుంటే జేజి వాకిట్లోంచి, "ఆ యమ్మకు చెప్తే సరిపోయిందా, తినేది మేము గదా" అని దెప్పేది.

పోయిన నెల చిన్నమ్మ పోయింది. చివరి ఏళ్ళు కుప్పంలో తన కూతురి దగ్గర, అంటే నా చెల్లెలి దగ్గర ఉంది. దినాలు అయిపోయాక చెల్లెలు నన్ను లోపలికి పిలిచి, పాత రవికగుడ్డలో చుట్టిన రూపాయిని నా చేతిలో పెట్టింది.

"మీ అమ్మ గదన్నా, నీ దగ్గరే ఉండనీ. పెద్దమ్మ కాపాడబట్టే నేను పుట్టినానని మాయమ్మ ఎప్పుడూ అంటాండె" అంది. తర్వాత ఏదో జ్ఞాపకం వచ్చినట్టు, "పెట్టె అడుగున ఒంటి కమ్మ ఒకటి దొరికిందన్నా. ఇత్తడిది. జత లేదు. ఎవరిదో ఏమో" అంది. నేను అప్పుడు ఆ మాటను పట్టించుకోలేదు.

మదనపల్లెకు తెచ్చి చూస్తే పెచ్చు పగుళ్ళు తీసి ఉంది. పగుళ్ళలో ఆకుపచ్చ చిలుం. నేను ఏ పనీ తొందరపడి చేసేవాణ్ణి కాను. సర్వే శాఖలో ఉద్యోగమంతా ఇతరుల పొలాలకు హద్దులు కొలిచాను, చేరిన రోజు నుంచి నేటి వరకు డైరీ తప్పలేదు. గోరుతో గీకితే పాడవుతుందేమో, చింతపండుతో తోమితే అరిగిపోతుందేమో అని విచారించాను. టమాటా మార్కెట్ యార్డుకు పోయే దారిలో మోటార్లకు వైండింగ్ చేసే ఒకాయన ఉన్నాడు, ఆయనకు పాత నాణేలు సేకరించే పిచ్చి, ఆయన్ను అడగమన్నారు. వెళ్ళి, లోపల రాణి బొమ్మ ఉంది, అది చెడకుండా పైనున్నది తీయాలి అని చెప్పాను. ఇంత వయసు వచ్చాక ఒక్కసారి ఆ ముఖం చూడాలని ఉందని చెప్పలేదు.

"గీకేది లేదు సార్. నీళ్ళలో నానబెడతా, దానంతట అదే ఊడొస్తాది. రెండు మూడు దినాలు పట్టనీండి" అన్నాడాయన.

ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుంటే ఒక వేసవి పదే పదే గుర్తుకు వచ్చింది. అది నా డైరీలలో లేదు. అప్పటికి నాకు అక్షరాలు పూర్తిగా రావు.

వానలు రాక ముందటి ఎండలు. చిన్నమ్మ కడుపుతో ఉంది. అంతకు ముందు రెండు కానుపులు నిలవలేదు. మూడోది గనుక ఇంట్లో అందరికీ భయం. జేజి ఆ భయాన్ని మాటల్లో పెట్టి రోజూ వడ్డించేది.

"పెద్దదానికి పెట్టకుండా ఎప్పుడన్నా తిని ఉంటావు. ఆ యమ్మ నీ మెడలో ఉన్నన్నాళ్ళే నీ కడుపులోది నిలబడేది. జాగ్రత్త మ్మే."

ఒక పొద్దున పేడ ఎత్తి దిబ్బలో వేసి వచ్చిన చిన్నమ్మ మళ్ళీ గబగబా దిబ్బ దగ్గరికి వెళ్ళింది. నేను వెనకే పోయాను. చేతులతో పేడ, కసువు, బూడిద తిరగేస్తోంది. కొంగును మెడ చుట్టూ బిగించి కప్పుకొని ఉంది.

"ఏం సిన్నమ్మా?"

ఆమె నా వైపు చూసింది. చూస్తూనే చెయ్యి చెవికి పోయింది. అప్పుడు వెనక్కి తిరిగి కాసేపు ఏదో సర్దుకుంది. తిరిగేసరికి ఒక చెవి బోసిగా ఉంది.

"కమ్మ పడిపోయింది నాయనా. రా, నువ్వూ వెతుకు."

నాకు అంతకంటే కావలసింది ఏముంది? కట్టెపుల్ల తీసుకొని దిబ్బలో దిగాను. పైన ఎండు పేడ, కింద తడి. లోపలికి పోయే కొద్దీ వేడి, ముక్కు పగిలే ఘాటు. పేడపురుగులు దొరికితే వరుసగా నిలబెట్టి పందెం పెట్టేవాణ్ణి. చిన్నమ్మ కొంగున కట్టుకొచ్చిన వేయించిన చెనిక్కాయలు, అదే వేరుసెనగలు, లంచంగా ఇస్తూ, "ఈ మూల సూడు నాయనా, నీవి సన్న కండ్లు, నీకు కనపడతాది" అనేది. నేను గాజుపెంకులు, గిత్త నాడా, బొరుగుల పొట్లం కట్టిన తాడు తీసి చూపించేవాణ్ణి. ప్రతిసారీ ఆమె ఆశగా వంగేది, చూసి వదిలేసేది.

పక్కింటి ఆమె గోడ మీదుగా, "ఏమక్కా, దిబ్బలో నిధేమన్నా ఉండాదా? దొరికితే నాకూ ఒక పాలు పెట్టు" అని నవ్వింది.

జేజికి చూపు మందం గాని చెవులు గట్టివి. "ఇత్తడి కమ్మకు ఇంత ఎండలో యాల సస్తాండావే? ఎరువంతా ఎండబెడ్తాండావు" అని అరిచింది.

"మా నాయన పెట్టిన కమ్మలు గదత్తా" అంది చిన్నమ్మ. దిబ్బతోనే ఆగలేదు. బాయి గట్టు దగ్గర, పొయ్యి బూడిదలో, గొర్రెల దొడ్డిలో కూడా వెతికింది. నేను అన్ని చోట్లా వెంటే ఉన్నాను.

ఆ రోజుల్లో ఆమె గోడ వైపు తిరిగి అన్నం తినేది. మధ్యాహ్నం నేను ఒళ్ళోకి వచ్చి కొంగులో చెయ్యి పెట్టబోతే పట్టుకునేది.

"ముట్టగూడదు నాయనా. మీ అమ్మకు ఒళ్ళు బాగలేదు."

"జరమా?"

"ఆ. జరమే."

"మరి మందు?"

ఆమె నా చెయ్యి వదిలి, "కుప్పంలో మాయమ్మ దగ్గర ఉండాది. పోయి తెస్తాను" అంది.

పుట్టింట్లో ఎవరికో బాగలేదని చెప్పి, నాయనను ఒప్పించి, కుప్పం బస్సెక్కింది. నన్ను తీసుకుపోలేదు. ఆమె లేని రోజుల్లో నాయన ఎరువు తోలించాడు. బండి మీద బండి, దిబ్బ మొత్తం పొలానికి పోయింది. ఖాళీ బండి వెనక్కి వచ్చేటప్పుడు నేను ఎక్కి కూర్చునేవాణ్ణి. చక్రాల కుదుపుకు పండ్లు టకటక కొట్టుకునేవి. ఆ ఏడు చెనిక్కాయ పంట బాగా కాయాలని ఎరువును పొలమంతా సమంగా చల్లారు.

చిన్నమ్మ తిరిగి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. బొరుగుల మూట, చింతపండు తెచ్చింది. మూట నాకు ఇచ్చి నేరుగా పెరట్లోకి వెళ్ళింది. దిబ్బ ఉన్న చోట గుంట, గుంటలో కోళ్ళు. అక్కడే నిలబడిపోయింది. "ఎరువు తోలించేసినాం మ్మే. నీ కమ్మ దొరకలేదు, ఇంక దాన్ని మర్సిపో" అంది జేజి. ఆ రోజు తర్వాత చిన్నమ్మ వెతకడం నేను చూడలేదు.

మెడలో రూపాయి ఉంది. కొత్త దారం, దాని మీద మందంగా పచ్చి పసుపు.

"జరం పోయిందా?" అన్నాను.

"పోయింది. మీ అమ్మకు తలకు పోసి, పసుపు పెట్టి తెచ్చినా. సూడు" అని నా వేలు పట్టుకొని తానే అంచు మీద పెట్టింది. గాడి ఉన్నచోటే ఉంది. గోరు పెట్టి ఎప్పటిలాగే ఆడించాను. చురుక్కుమని వేలు తెగింది. రక్తం వచ్చింది.

"సిన్నమ్మా, అమ్మ కరిసింది!"

"యాల కరిసిందిరా?"

నేను ఏడుస్తూ నిజం చెప్పేశాను. ఆమె ఊళ్ళో లేనప్పుడు విత్తనానికి దాచిన చెనిక్కాయలు తిన్నాను. తొక్కలు గొర్రెల దొడ్డిలో పారేశాను. అమ్మకు ఎలాగో తెలిసిపోయింది.

చిన్నమ్మ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత సన్నికల్లు దగ్గరికి పోయి, మెడలో దారం తీయకుండానే ముందుకు వంగి, రూపాయి అంచును రాతికి వేసి బరబరా రుద్దసాగింది.

"ఏం చేస్తాండావు?"

"మీ అమ్మ పండ్లు మొండి చేస్తాండా. ఇంక కరవదులే."

ఆ పూట ఊరుబిండి పచ్చడి ఆ రాతి మీదే నూరింది. చెనిక్కాయలు, ఎండుమిరపకాయల వాసన వీధి దాకా వచ్చింది. నేను వేలికి గుడ్డ కట్టుకొని ఎడమచేత్తో తిన్నాను. మళ్ళీ విత్తనాల జోలికి పోలేదు. అమ్మ చూస్తోందని భయం. ఆ భయం ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. అందరి పిల్లలనూ అమ్మలు కొట్టేవాళ్ళు. నన్ను ఒక్కసారి కరిచింది.

వానలయ్యాక చెల్లెలు పుట్టింది. ఇల్లంతా పెద్దమ్మ చలవ అన్నారు. జేజి చూపు ఆనకపోయినా తడిమి తడిమి రూపాయికి కుంకుమ పెట్టి కళ్ళకద్దుకుంది.

ఇదంతా ఒక ముచ్చటైన జ్ఞాపకంగానే ఇన్నేళ్ళూ దాచుకున్నాను. వైండింగ్ షాపు ఆయన ఫోను చేసి రమ్మన్నాక కూడా అలాగే అనుకుంటూ వెళ్ళాను.

షాపులో రాగితీగ, వార్నిష్ వాసన. ఆయన బల్ల మీద నల్లగుడ్డ పరిచి, దాని మీద రూపాయి పెట్టి, లైటు దగ్గరికి లాగాడు.

"పెచ్చు అంతా వచ్చేసింది. సూడండి సార్."

చూశాను. కిరీటం పెట్టుకున్న మగవాడి తల.

"రాణి కదా?" అన్నాను.

"రాణి యాడుండాది సార్? రాజు. అదీ కడాపటి రాజు. రాణి రూపాయిలో మంచి వెండి. దీంట్లో తక్కువ. అంచు సూడండి, మధ్యలో సన్నంగా గీత చుట్టూ పోతాండాది. రాణి రూపాయికి ఇది ఉండదు."

తిరగేసి చూశాను. మళ్ళీ తిరగేసి చూశాను. ఆయన నా ముఖం గమనించలేదు. చేతికి లెన్సు ఇచ్చి, ఇష్టమైన పని దొరికినవాడిలా చెప్పుకుపోయాడు.

"డ్యామేజీ ఎక్కువ ఉండాది సార్. మొదటిది, పైన కొక్కెం అతికించిన చోటు. అగ్గి తగిలి చుట్టూ నల్లబడింది. అది అందరూ చేసేదే. రెండోది అంచులో ఈ నొక్కు. నేను కూడా ముందు ఉలి దెబ్బ అనుకుంటి. కాదు. ఉలితో కొడితే వెండి యాడికీ పోదు, పక్కకు ఒత్తుకొని గట్టు మాదిరి లేస్తాది. ఈడ గట్టు లేదు. ఇనప ఆకురాయి పెట్టి అరగదీసినారు. లోపల గీతలు కనపడతాండాయా?"

కనపడుతున్నాయి. సన్నగా, ఒకే వాలులో.

"వెండి పరీక్షకు ఎవరూ ఇంత ఓపిగ్గా చెయ్యరు. గోరు పట్టేంత కొలత పెట్టి చేసినట్టుండాది. యాలనో నాకు తెలీలేదు. ఇంగ మూడోది భలే ఉండాది సార్. ఈ నొక్కును మళ్ళీ రాతికి రుద్దినారు. అరగదీసినాకే రుద్దినారు. ఎట్లంటారా, ఈ మోటు గీతలు నొక్కు అంచు మీద నుంచి కిందికి దిగతాండాయి. ముందే రుద్దింటే ఆకురాయి వాటిని తినేసుండును." తృప్తిగా నిట్టూర్చాడు. "ఎవరో తెలిసీ తెలియనోళ్ళు పాడు చేసినారు. కలెక్షన్‌కు పనికిరాదు. మీ ఇంట్లోదేనా?"

"మా ఇంట్లోదే" అన్నాను.

బయటికి వచ్చి టమాటా ట్రేలు ఎత్తిన లారీల మధ్య నిలబడ్డాను. పనిలో ఏ చిక్కు వచ్చినా వరుసగా రాసుకోవడం నా పద్ధతి. కాగితం లేకుండానే వరుస దానంతట అదే వచ్చింది. మా అమ్మ రూపాయి ఆ పొద్దున తెగిపడింది. చిన్నమ్మ ఆ మాట ఎవరికీ చెప్పలేకపోయింది. కడుపులో బిడ్డ ఉంది, జేజి మాట ఉంది. తన కమ్మ తానే తీసి దాచుకుంది, బోసి చెవితో తిరిగింది, తిట్లు తిన్నది. కుప్పం పోయి దొరికిన రూపాయికి కొక్కెం పెట్టించింది. పసుపు కింద బొమ్మ ఏదైనా ఒకటే. కానీ ఇంట్లో ఒకడు గోరుతో వెతుకుతాడు. వాడి గోరు కోసం గాడి తీయించింది. లేదా తానే తీసిందేమో. అది వాణ్ణి కోస్తే రాతికి రుద్దింది.

అంటే నేను కట్టెపుల్లతో దిబ్బలో వెతికింది మా అమ్మను. నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే పేడపురుగులతో పందేలు పెట్టేవాణ్ణి కాదు. నా కళ్ళు సన్నకళ్ళు. దొరికేదేమో.

ఆ మధ్యాహ్నం నుంచి నేను మాట్లాడుతూ వచ్చింది ఎవరితో? పరీక్షలకు పోయే ముందు, ఉద్యోగంలో చేరేముందు, కుప్పం వెళ్ళినప్పుడల్లా ఆ అంచు మీద వేలు పెట్టి చెప్పుకున్నవన్నీ ఎవరికి చేరాయి? చిన్నమ్మకు తెలుసు. తెలిసి కూడా చివరి ముద్ద దాకా ముందు దానికి తాకించి తిన్నది. అప్పుడు ఆమె మనసులో ఏముండేదో అడగడానికి ఆమె లేదు. జేజి లేదు, నాయన లేడు. ఆ దిబ్బ వాసన తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

మరుసటి రోజు పుంగనూరు బస్సెక్కాను. అక్కడ ఆటో మాట్లాడుకొని మా ఊరి దారి పట్టాను. పొలం నాయన ఉన్నప్పుడే చేతులు మారింది. ఇప్పుడు ప్లాట్లు వేశారు. తెల్లసున్నం కొట్టిన రాళ్ళు, కంకర దారులు, గేటుకు జెండాలు. ఎరువు ముందుగా ఏ వైపు దించేవాళ్ళో నాకు తెలుసు. పాత హద్దురాయి పట్టుకొని అడుగులు వేస్తే ఆ చోటు మీదికి సరిగ్గా పోగలిగాను. ఇంతవరకే నా చదువు పనికి వచ్చింది. మట్టిని డోజరుతో గీకి ఎక్కడికో తోలారు. బయటి నుంచి వేరే మట్టి తెచ్చి పోశారు. మా అమ్మ ఇక్కడ ఉందో, ఎవరి పునాదిలో ఉందో, ఎప్పుడో ఏ కూలిమనిషికో దొరికి కరిగి ఎవరి కాలిపట్టీలయిందో.

చెల్లెలు ఫోను చేసింది.

"అన్నా, పెచ్చు పోయిందా? పెద్దమ్మకు ఏమీ కాలేదు గదా?"

"ఏమీ కాలేదమ్మా."

"రాణి కనపడిందా?"

"కనపడింది."

"ఎట్లుండాదన్నా?"

జేబులో రాజు రూపాయి ఉంది. దాన్ని గట్టిగా పట్టుకున్నాను. "నీ మాదిరే ఉండాది" అన్నాను.

"నేను యాల ఆ యమ్మ మాదిరి ఉంటానన్నా, ఆమె కడుపున పుట్టినానా ఏమన్నా" అని నవ్వింది. తర్వాత ఏడుస్తున్నట్టు తెలిసింది. ఫోను పెట్టేసింది.

నేను ఏం చేస్తున్నానో నాకు తెలియలేదు. చెప్పు మొనతో కంకర పక్కకు తోస్తున్నాను. ఒక చోట ఆపి, మరో చోట. ప్లాట్లకు కాపలా ఉన్న మనిషి దూరం నుంచి చూసి, చేతికర్ర ఊపుకుంటూ వచ్చాడు.

"ఏం పారేసుకున్నావు పెద్దాయనా?"

"చెవి కమ్మ" అన్నాను.

"ఆడోళ్ళదా?"

"మా చిన్నమ్మది."

"బంగారుదేనా?"

"కాదు. ఇత్తడిది."

"ఇత్తడి దానికా ఇంత ఎండలో సస్తాండావు!" అన్నాడు. అంటూనే నా పక్కన వంగి, కర్రతో కంకర కదిలించసాగాడు.